పేలిన నక్షత్రం వెలుగును పాలమూరు, నల్లగొండ నుంచి కొలవడం ఎలా?

దగ్గరి గెలాక్సీలో ఒక పెద్ద నక్షత్రం పేలిందని వార్త రాగానే అందరూ ఫొటోల మీద పడతారు. ఫొటో ఒక్క రాత్రితో అయిపోతుంది. ఆ వెలుగు ఎప్పుడు పెరిగింది, ఎన్నాళ్లు నిలకడగా ఉంది, ఎప్పుడు పడిపోయింది అన్నది అంకెల్లో రాసి పెట్టడం మాత్రం నెలల పని. శాస్త్రానికి ఎక్కువ అక్కరకొచ్చేది ఈ రెండోదే, దానికి ఖరీదైన సామాను కూడా అక్కర్లేదు. 6 లేదా 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉన్నా, ట్రాకింగ్ మౌంట్ మీద డీఎస్ఎల్ఆర్ ఉన్నా, సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోప్ ఉన్నా చాలు. ప్రతిసారీ ఒకే పద్ధతిలో, ఒకే పోలిక తారలతో (వెలుగు ఎంతో ముందే తెలిసిన పక్క చుక్కలతో) కొలవడం ముఖ్యం.

ముందు ఏం చూడబోతున్నారో తెలుసుకోండి

సూర్యుడి కంటే సుమారు 8 రెట్లకు పైగా బరువున్న నక్షత్రం చివరి దశలో దాని నడుమ ఇనుప కోర్ తయారవుతుంది. ఇనుమును కలిపితే శక్తి రాదు. దాంతో కోర్ తన బరువు తానే మోయలేక సెకను కూడా పట్టకుండా కూలిపోతుంది. ఆ దెబ్బకు పుట్టిన షాక్ పైపొరలను చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు మనకు కనిపించేదే కోర్ కూలిన సూపర్‌నోవా.

వీటిలో ఎక్కువగా కనిపించే రకం టైప్ 2పీ. దాని లైట్ కర్వ్ (రోజులు గడిచేకొద్దీ వెలుగు ఎలా మారిందో చూపే గీత) ఆకారం గుర్తుపెట్టుకుంటే ఏ రోజు ఎంత శ్రద్ధ పెట్టాలో తెలుస్తుంది. మొదటి కొద్ది రోజుల్లో వెలుగు గబగబా పెరుగుతుంది. తర్వాత 80 నుంచి 100 రోజుల దాకా పెద్దగా మారదు. వ్యాపిస్తున్న హైడ్రోజన్ పొర చల్లబడుతూ తన వేడిని మెల్లగా వదిలే కాలం అది. ఆ పొర చల్లబడటం అయిపోగానే రెండు మూడు వారాల్లో వెలుగు సుమారు 2 మాగ్నిట్యూడ్లు పడిపోతుంది (మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగుకు కొలమానం, అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు). ఆ పైన మిగిలేది రేడియోధార్మిక కోబాల్ట్-56 ఇచ్చే వెలుగు. దాని అర్ధాయువు 77 రోజులు, కాబట్టి తోక భాగం 100 రోజులకు సుమారు ఒక మాగ్నిట్యూడ్ చొప్పున తగ్గుతుంది.

అన్నీ ఇలాగే నడవవు. 1987లో లార్జ్ మాగెలానిక్ క్లౌడ్‌లో పేలిన 1987ఎ ఫిబ్రవరిలో బయటపడితే, గరిష్ఠ వెలుగు చేరింది మే నెలలో. అప్పుడు దాని మాగ్నిట్యూడ్ సుమారు 3, మామూలు కంటికే కనిపించేంత. పాలమూరు నుంచి చూస్తే ఆ చోటు దక్షిణ దిక్కున 4 డిగ్రీల ఎత్తు కూడా దాటదు. 1993లో ఎం81 గెలాక్సీలో వచ్చిన 1993జె అయితే ఒకసారి తగ్గి, మళ్లీ పెరిగింది. అందుకే 'ఇప్పుడు తగ్గాలి కదా' అనుకుంటూ చూస్తే కన్ను అదే చూపిస్తుంది, జాగ్రత్త.

వార్త ఎలా తెలుస్తుంది

కొత్తగా కనిపించినవన్నీ ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ అనే వెబ్‌సైట్‌లో నమోదవుతాయి. పేరులో మొదట సంవత్సరం, తర్వాత వరుస అక్షరాలు. రోజూ పదుల సంఖ్యలో వచ్చి పడతాయి గానీ, చాలావాటి మాగ్నిట్యూడ్ 17, 18, ఇంకా మసక. అవి మన పని కాదు. 13 కంటే ప్రకాశంగా ఉన్నదైతేనే కదలండి. ఏఏవీఎస్ఓ అనే అమెరికన్ సంస్థ 1911 నుంచి మారే నక్షత్రాల కొలతలు సేకరిస్తోంది. దానిలో ఉచితంగా ఖాతా తెరిచి, అబ్జర్వర్ కోడ్ తీసుకుని, అలర్టులకు ఈమెయిల్ ఇచ్చి పెట్టుకోండి. ఈ పని పేలుడు వచ్చాక కాదు, ఇవాళే చేయాలి.

2023 మే 19న జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో 2023ఐఎక్స్ఎఫ్‌ను కనిపెట్టినప్పుడు దాని మాగ్నిట్యూడ్ సుమారు 15. నాలుగైదు రోజుల్లో 11కు చేరింది. ఆలోగా ఖాతాలు తెరుస్తూ, పాస్‌వర్డులు వెతుక్కుంటూ కూర్చుంటే లైట్ కర్వ్‌లో అన్నిటికంటే విలువైన, వెలుగు ఎక్కే భాగం పోయినట్టే.

మన చోటు నుంచి ఏది ఎక్కడ

మనం 16.5 నుంచి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. ఒక వస్తువు డెక్లినేషన్‌కూ (ఆకాశంలో దాని అక్షాంశం లాంటిది) మన అక్షాంశానికీ ఉన్న తేడాను 90 నుంచి తీసేస్తే అది ఎంత ఎత్తుకు రాగలదో వచ్చేస్తుంది. ఎం101 డెక్లినేషన్ ఉత్తరం 54, కాబట్టి ఉత్తర దిక్కున 53 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 2024 ఏప్రిల్ 11న ఎన్‌జీసీ 3621లో దొరికిన 2024జీజీఐ డెక్లినేషన్ దక్షిణం 33. మనకు దక్షిణాన 40 డిగ్రీలు. యూరప్‌లో 50వ అక్షాంశం మీద ఉన్నవాళ్లకు అదే గెలాక్సీ నేలకు 7 డిగ్రీల పైన తచ్చాడుతుంది, అంటే ఇంటి వెనక చెట్లలోనే ఉండిపోతుంది. దక్షిణ ఆకాశంలో ఏదైనా పేలితే మన కొలతలకు అందుకే గిరాకీ ఎక్కువ.

హైదరాబాద్ వెలుగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మహబూబ్‌నగర్ నుంచి చూస్తే నగరం ఈశాన్యంలో ఉంటుంది. ఎం101 ఉదయించేది సరిగ్గా ఆ వైపు నుంచే. కాబట్టి పాలమూరు వాళ్లు అది ఉత్తర మధ్య రేఖ (ఉత్తరం నుంచి నడినెత్తికి పోయే గీత) దాటాక చూడటం మంచిది. నల్లగొండ వాళ్లకు నగరం పడమర, వాయువ్యాల మధ్య పడుతుంది. వాళ్లు మధ్య రేఖ దాటకముందే పని ముగించుకోవాలి. మే మధ్యలో ఆ దాటడం రాత్రి 10.30, 11 గంటల మధ్య జరుగుతుంది. దక్షిణాన ఉన్న వస్తువైతే దిగులు లేదు. అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ వైపు ఊళ్ల నుంచి దక్షిణానికి తిరిగితే కృష్ణ లోయ, నల్లమల. పెద్ద నగరం వెలుగు ఏదీ అడ్డం రాదు.

చోటు ఎంచుకోవడంలో ఒక మాట. చీకటి కోసమని పాత కోటల దగ్గరికో, ఊరి బయట శిథిలమైన గుళ్ల దగ్గరికో రాత్రిపూట పెట్టెలు మోసుకుని వెళ్లకండి. గుప్తనిధులు తవ్వడానికి వచ్చారనుకుంటారు, ఆపైన టెలిస్కోప్‌ను చూపించి ఒప్పించడం మామూలు టెన్షన్ కాదు. తెలిసిన రైతు చేను దగ్గర, పగలే వెళ్లి 'పెద్దాయనా, రాత్రి రెండు మూడు గంటలు ఇక్కడ చుక్కలు చూసుకుంటాం' అని అడిగి పెట్టుకోవాలి. అదే ఊపులో అడవి పందుల కోసం గట్ల మీద కరెంటు తీగలేమైనా పెట్టారేమో కూడా అడగండి. ఇది సరదాకు చెప్పడం లేదు. తెలియని చేనులో చీకట్లో నడవడం ప్రాణాల మీదికి తెస్తుంది. నల్లమల పులుల అభయారణ్యంలోకి రాత్రి వెళ్లే ఆలోచన అసలే వద్దు. నిజానికి 11వ మాగ్నిట్యూడ్ దాకా అయితే ఊళ్లో మేడ మీద నుంచే కొలవవచ్చు, వీధి లైటు నేరుగా కంట్లో పడకపోతే చాలు. రోజూ వెళ్లలేని చీకటి చేను కంటే రోజూ ఎక్కగలిగే మేడ నయం.

చేయి తిరగడానికి ఆర్ద్ర

సూపర్‌నోవా ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అందాకా ఆర్ద్ర నక్షత్రం మీద సాధన చేయండి. మృగవ్యాధ రాశిలో ఎర్రగా కనిపించే ఈ బెటెల్‌గూస్ కూడా ఒకనాడు కోర్ కూలి పేలవలసిందే. దీని వెలుగు ఇప్పటికే మారుతూ ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో 1.6 మాగ్నిట్యూడ్ దాకా తగ్గి, పక్కనున్న బెల్లాట్రిక్స్‌తో సమానంగా కనిపించింది. చలికాలం సాయంత్రాల్లో కంటితోనే పోల్చండి: ప్రోసియాన్ 0.4, రోహిణి 0.9, పునర్వసులోని పోలక్స్ 1.1, బెల్లాట్రిక్స్ 1.6. అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు చూడాలి. కిందికి దిగిన చుక్క దుమ్ములో మసకబారుతుంది. ఆరుద్ర కార్తె వచ్చే జూన్ మూడో వారానికి సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరే ఉంటాడు, కాబట్టి వేసవి చివర్లో ఈ సాధన కుదరదు.

కంటితో కొలిచే పద్ధతి

ఏఏవీఎస్ఓ చార్ట్ ప్లాటర్‌లో సూపర్‌నోవా పేరు కొడితే పోలిక తారలతో పటం వస్తుంది. దాన్ని ప్రింట్ తీసుకోండి. పటం మీద 109 అని ఉంటే 10.9 మాగ్నిట్యూడ్ అని అర్థం. చుక్క పెడితే దాన్ని కూడా నక్షత్రమనుకుంటారని దశాంశ బిందువు తీసేస్తారు. మీ టెలిస్కోప్ బొమ్మను తలకిందులు చేస్తుందా, కుడి ఎడమలు మారుస్తుందా చూసుకుని, దానికి సరిపడే పటమే తీయాలి.

గెలాక్సీని పట్టుకోవడం మొదటి అడ్డంకి. ఎం101కు అయితే సప్తర్షుల తోకలో చివరనున్న మరీచిని, దాని పక్కన అరుంధతిని వెంటబెట్టుకుని ఉండే వశిష్ఠుణ్ణి కలిపి, ఉత్తర ధ్రువం వైపు సమబాహు త్రిభుజం గీసినట్టు ఊహించుకోండి. మూడో మూలకు దగ్గరలోనే గెలాక్సీ. ఊళ్లో నుంచి గెలాక్సీ మసక కనిపించకపోవచ్చు, సూపర్‌నోవా మాత్రం చుక్కలా కనిపిస్తుంది. పటంలోని చుక్కల అమరికను ఒక్కొక్కటిగా సరిపోల్చుకుంటూ వెళ్లండి.

కంటికి చీకటి అలవాటు కావడానికి 20 నిమిషాలు పడుతుంది. ఫోన్ పక్కన పెట్టండి. టార్చికి ఎర్ర గ్లాసు కాగితం రెండు మూడు మడతలు చుట్టండి. తర్వాత సూపర్‌నోవా కంటే కాస్త ప్రకాశమైన తారను, కాస్త మసకైన తారను పటంలో ఎంచుకోండి. 10.9 తారకు, 11.5 తారకు మధ్య ఉందనుకుందాం. ఆ దూరంలో మూడో వంతు దిగినట్టు అనిపిస్తే 11.1. సగం దిగితే 11.2. ఇంతకంటే సన్నగా చెప్పడానికి ప్రయత్నించకండి. పదో వంతు దాకా పోవడమే కంటికి గొప్ప.

ఇక్కడ కన్ను మోసం చేసే రెండు చోట్లున్నాయి. సూపర్‌నోవా మొదట నీలిగా ఉండి, వారాలు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది. ఎర్ర చుక్కను తదేకంగా చూస్తే వెలుగు పెరిగినట్టు అనిపిస్తుంది. అందుకే ఒక్కో చూపు రెండు మూడు సెకన్లకు మించనివ్వకండి. చూపును సూపర్‌నోవాకూ పోలిక తారకూ మధ్య అటూ ఇటూ తిప్పండి. ఫోకస్ ఒక వెంట్రుకంత తప్పిస్తే అన్నీ చిన్న బిళ్లలుగా మారి, పోల్చడం తేలికవుతుంది. రెండోది, రెండు చుక్కలు ఒకదాని కింద ఒకటి ఉంటే కన్ను ఒకదానికి పక్షపాతం చూపిస్తుంది. తల వంచి, ఆ రెండూ మీ రెండు కళ్లకు సమాంతరంగా వచ్చేలా చేసుకోండి.

అంచనా వేసేముందు నెట్‌లో ఇవాళ ఎవరెంత కొలిచారో చూడవద్దు. నిన్నటి మీ అంకెను కూడా చూడవద్దు. ఈ ఒక్క నియమం తప్పితే మిగతా జాగ్రత్తలన్నీ దండగ.

కెమెరాతో అయితే

కెమెరా కొలత కంటికంటే సన్నగా వస్తుంది, కానీ అందంగా తీయాలనే ఆశ వదులుకోవాలి. రా ఫార్మాట్‌లోనే తీయండి. షార్పెన్, నాయిస్ తగ్గించడం, ఆటో స్ట్రెచ్ ఏదీ వద్దు. సీస్టార్ వాడేవాళ్లు లైట్ పొల్యూషన్ ఫిల్టర్ ఆపేసి, విడి ఫ్రేములు సేవ్ అయ్యే ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. 10 సెకన్ల ఫ్రేములు ఓ ముప్పై కలిపితే 11, 12 మాగ్నిట్యూడ్లు హాయిగా వస్తాయి. పోలిక తారల్లో ఏదీ సాచురేట్ కాకూడదు, అంటే పిక్సెల్ పట్టగలిగినంత వెలుగూ నిండిపోకూడదు. పిక్సెల్ గరిష్ఠ విలువలో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటే నిశ్చింత.

డార్క్ ఫ్రేములు (మూత పెట్టి తీసే నల్ల ఫొటోలు) తప్పనిసరి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రాత్రి పదికి కూడా మేడ మీది గచ్చు కాలుతూనే ఉంటుంది. సెన్సార్ వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగితే డార్క్ కరెంటు (వెలుగు పడకపోయినా వేడికి సెన్సార్‌లో పుట్టే దొంగ సిగ్నల్) రెట్టింపవుతుంది. కాబట్టి చలికాలంలో తీసిన డార్కులు మేలో పనికిరావు. అదే రాత్రి, అదే ఎక్స్‌పోజర్‌తో, మూత పెట్టి తీయాలి. ఫ్లాట్ ఫ్రేముల కోసం టెలిస్కోప్ మూతికి ఉతికిన తెల్ల పంచెను ముడతల్లేకుండా కట్టి, సూర్యాస్తమయం అయ్యాక నడినెత్తి ఆకాశం వైపు తిప్పి ఓ ఇరవై తీసుకోండి. లెన్సు మీద దుమ్ము, అంచుల్లో చీకటి ఇలా సరిదిద్దుకోవాలి.

తర్వాత ఆస్ట్రోఇమేజ్‌జే లేదా ఆస్టాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ ఛానల్ ఒక్కటే విడదీయండి. ఖగోళ కొలతల్లో వాడే ప్రామాణిక వీ ఫిల్టర్‌కు దగ్గరగా ఉండేది అదే. ఏఏవీఎస్ఓకు పంపేటప్పుడు టీజీ అని రాస్తే సరిపోతుంది. సూపర్‌నోవా చుట్టూ ఒక వలయం, పోలిక తార చుట్టూ అంతే వలయం, బయట ఆకాశపు వెలుగు కోసం మరో వలయం గీసి, వెలుగుల నిష్పత్తి నుంచి మాగ్నిట్యూడ్ తేడా తెప్పించుకోవాలి. 5 మాగ్నిట్యూడ్లంటే వెలుగులో 100 రెట్ల తేడా, ఒక మాగ్నిట్యూడ్ అంటే సుమారు 2.5 రెట్లు. రెండూ ఒకే ఫ్రేములో ఉన్నాయి కాబట్టి పైన పల్చటి మబ్బు, దుమ్ము చాలావరకు రెండింటినీ సమానంగానే తగ్గిస్తాయి.

ఒక తారను పోలికకు, ఇంకొక తారను సరిచూసుకోవడానికి పెట్టుకోండి. ఈ రెండో తార వెలుగు మారదు. మీ లెక్కలో అది ఇవాళ 11.62, నిన్న 11.60 వస్తే మీ పని బాగున్నట్టే. 11.9 వచ్చిందంటే ఆ రాత్రి అంకెలు పంపకండి.

అసలు చిక్కు గెలాక్సీ వెలుగుతోనే. 2023ఐఎక్స్ఎఫ్ ఎం101 సర్పిల చేతిలో, ఎన్‌జీసీ 5461 అనే ప్రకాశమైన వాయుమేఘం పక్కనే పేలింది. సూపర్‌నోవా 11లో ఉన్నంతకాలం ఆ మేఘం పెద్దగా అడ్డు కాదు. 14, 15కి దిగాక వలయంలోకి మేఘం వెలుగు కలిసి, లైట్ కర్వ్ పడకుండా ఆగిపోయినట్టు దొంగ నిలకడ కనిపిస్తుంది. వలయాన్ని చిన్నది చేయండి, ఆకాశపు వలయాన్ని మేఘం మీద పడకుండా జరపండి. ఒకసారి ఖాయం చేసుకున్న కొలతల్ని మాత్రం మధ్యలో మార్చవద్దు. మార్చక తప్పకపోతే పాత ఫ్రేములన్నీ మళ్లీ లెక్కేయాలి.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

తేదీ, సమయం, మాగ్నిట్యూడ్, వాడిన పోలిక తారలు, ఆకాశం ఎలా ఉంది. సమయాన్ని జూలియన్ డేట్‌లో (నెలలు, ఏళ్లు లేకుండా రోజులను ఒకే వరుసలో లెక్కపెట్టే అంకెలో) రాస్తారు. అది గ్రీనిచ్ మధ్యాహ్నం 12కి మారుతుంది, అంటే మనకు సాయంత్రం 5.30కి. యూరప్ వాళ్లకు అర్ధరాత్రి తేదీ మారే తలనొప్పిని తప్పించడానికి పెట్టిన ఏర్పాటు మనకూ కలిసొచ్చింది: సాయంత్రం మొదలుపెట్టి తెల్లారేదాకా చూసినా అంకె మారదు. 2023 మే 25 రాత్రి 9.30 అంటే గ్రీనిచ్‌లో సాయంత్రం 4.00. మధ్యాహ్నం నుంచి 4 గంటలు, రోజులో ఆరో వంతు. కాబట్టి 2460090.167. నోట్‌బుక్‌లో వరుస ఇలా ఉంటే చాలు:

2460090.167 – 11.1 – పోలిక 109, 115 – చంద్రుడున్నాడు, దుమ్ము, గాలి లేదు

కనిపించకపోతే ఖాళీ వదలకండి. ఆ రాత్రి కనిపించిన అతి మసక పోలిక తార 13.2 అయితే '13.2 కంటే మసక' అని రాయండి. ముఖ్యంగా తొలి రోజుల్లో, పేలుడు ఎప్పుడు జరగలేదో చెప్పే ఇలాంటి వరుస చాలా అక్కరకొస్తుంది.

ఎన్ని రోజులకోసారి? ఎక్కుతున్న వారంలో వీలైతే రాత్రికి రెండుసార్లు. నిలకడ కాలంలో మూడు నాలుగు రోజులకోసారి చాలు, ఇంట్లో వాళ్లు కూడా ఊపిరి పీల్చుకుంటారు. 75వ రోజు దాటగానే మళ్లీ ప్రతి రాత్రీ.

వానాకాలం సంగతి

2023ఐఎక్స్ఎఫ్ నిలకడ దాటి పడిపోయింది ఆగస్టు మొదట్లో. అంటే మన దగ్గర నైరుతి రుతుపవనాల నడుమ. ఇలాంటప్పుడు రాత్రంతా కాచుకోవడం వృథా. వాన కురిసి వెలిసిన సాయంత్రం దుమ్మంతా కడిగినట్టు పోయి, ఓ గంట అద్భుతమైన ఆకాశం దొరుకుతుంది. ఆగస్టు మొదటి వారంలో 8 గంటలకు ఎం101 వాయువ్యంలో 40 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. టెలిస్కోప్‌ను మెట్ల గదిలో సిద్ధంగా పెట్టుకుంటే, మబ్బుల సందులో ఐదు నిమిషాలు దొరికినా ఒక అంచనా వేయవచ్చు. వస్తువు 30 డిగ్రీల కిందికి దిగితే మాత్రం వదిలేయండి. మబ్బుల వల్ల మధ్యలో రెండు వారాలు ఖాళీ వచ్చినా గ్రాఫ్ మీద గీత గీసి కలపకండి; లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ లాంటివి, వేరే ఖండాల వాళ్లు ఆ సందు నింపుతారు.

గ్రాఫ్ వేయడం

అడ్డంగా జూలియన్ తేదీలు, నిలువుగా మాగ్నిట్యూడ్లు. చిన్న అంకె పైన, పెద్ద అంకె కింద వచ్చేలా నిలువు గీతను తిరగేయాలి. కంటి కొలతలకు ఒక రంగు, కెమెరా కొలతలకు మరో రంగు. రెండూ పదో వంతో రెండో తేడాగా రావచ్చు, కలిపేయకండి.

తోక భాగానికి వచ్చాక స్కేలు పెట్టి వాలు చూడండి. 50 రోజుల తేడాతో మీ రెండు కొలతలు 14.1, 14.6 అయితే 100 రోజులకు ఒక మాగ్నిట్యూడ్. మీరు చూస్తున్నది కోబాల్ట్-56 కరిగిపోవడమే. ఇంతకంటే వేగంగా పడుతుంటే గామా కిరణాలు కొంత లోపల చిక్కకుండానే బయటికి జారిపోతున్నాయన్నమాట. కాకపోతే ముందు మీ సరిచూసే తారను ఇంకోసారి కొలిచి, అది కదల్లేదని తేల్చుకున్నాకే ఆ మాట అనండి. మీ టెలిస్కోప్ అందుకోలేనంత మసకబారాక చివరిసారి 'ఇంతకంటే మసక' వరుస రాసి, ఫ్రేములు, డార్కులు, ఫ్లాట్లు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఇంకో డిస్కులో కాపీ తీసుకోండి. గెలాక్సీ వెలుగును తీసేయడానికి ఏడాది తర్వాత అదే చోటు, అదే సామానుతో ఒకసారి ఫొటో తీయాల్సి వస్తుంది. ఆ తేదీని ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.